తెలుగు చెప్పడానికి అమెరికా రమ్మంటోంది, పెళ్లివారు ఆగమంటున్నారు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి నుంచి ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకి 27 ఏళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు చదవడం అమ్మమ్మ దగ్గర, పాత వారపత్రికలు ముందేసుకుని నేర్చుకున్నారు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, గుణుపురం వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మూడేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నారు. నిరుడు ఎవరికీ చెప్పకుండా, అమెరికా ప్రభుత్వ విద్యా మార్పిడి పథకమైన ఫుల్‌బ్రైట్ వాళ్ల ఎఫ్‌ఎల్‌టీఏ (విదేశీ భాషలు చెప్పే సహాయక టీచర్ల) కార్యక్రమానికి దరఖాస్తు పెట్టారు. ఎంపికయ్యారు. ఆగస్టులో వెళ్లి, ఒక అమెరికన్ యూనివర్సిటీలో తొమ్మిది నెలలపాటు తెలుగు చెబుతూ అక్కడే కొన్ని కోర్సులు చదవాలి. ఒప్పుకుంటున్నారో లేదో ఈ నెలాఖరులోగా తెలియజేయాలి.

నాన్నగారు పోయాక ఆమెనీ తమ్ముణ్నీ చదివించింది మేనమామ. ఆయనే టెక్కలిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న అబ్బాయితో సంబంధం ఖాయం చేశారు. శ్రావణంలో ముహూర్తం అనుకున్నారు. అమెరికా మాట వినగానే అబ్బాయి తల్లిదండ్రులు "వెళ్లిన పిల్ల తిరిగొస్తుందని నమ్మకం ఏమిటి?" అన్నారట. అబ్బాయిని అడిగితే "పెద్దవాళ్లు ఎలా అంటే అలా" అన్నాడు. "మన వైపు నుంచి ఎవరు వెళ్లారే, నువ్వు వెళ్లడానికి?" అని మామయ్య కోపం. అమ్మ ఏమీ అనదు. ఎంపికైనట్టు వచ్చిన కాగితం ప్రింటు తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టుకుంది. మామయ్య వచ్చినప్పుడు మాత్రం తీసి బీరువాలో చీరల కింద దాస్తుంది.

కాలేజీలో ప్రిన్సిపాల్ లీవు కుదరదన్నారు. రిజైన్ చేసి వెళ్లండి, వచ్చాక ఖాళీ ఉంటే చూద్దాం, అయినా దానికి డిగ్రీ ఏం వస్తుంది, అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఉత్తరంలో సగం పైగా ఇంకో బాధ గురించే ఉంది. ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "నేను 'ఏమిటి' అనను, 'ఏటి' అంటాను. మధ్యలో ఒడియా మాటలు దొర్లిపోతాయి. విజయవాడలో మా బంధువులు 'మీది తెలుగా, ఒరియానా' అని ఏడిపిస్తారు. ఒత్తులు రాసేటప్పుడు ఇప్పటికీ తడబడతాను. అమెరికాలో తెలుగు క్లాసులో మనవాళ్ల పిల్లలే ఎక్కువగా కూర్చుంటారట. వాళ్ల ముందు నేను తెలుగు టీచర్నని ఎలా నిలబడను? మామయ్య మాట కాదంటే విశ్వాసం లేనిదాన్నవుతానా? వెళ్లమంటారా, మానమంటారా?"

అమ్మా, వెళ్లమనో మానమనో నేను చెప్పను. పెళ్లి, మామయ్య, ఉద్యోగం, మీ తెలుగు, నాలుగింటినీ ఒకే ముడి వేసేసి రాత్రంతా దాన్నే పట్టుకుని కూర్చున్నారు. విడదీస్తే ఒక్కోదాని బరువు ఒక్కోలా ఉంది. ముందు మీ తెలుగు సంగతి చూద్దాం. నాకు తెలిసి మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నదీ, నిజానికి అన్నిటికంటే తేలికైనదీ అదే.

ఆ క్లాసుకి వచ్చే మనవాళ్ల పిల్లలకి "అన్నం తిన్నావా?" అంటే అర్థమవుతుంది. జవాబు ఇంగ్లీషులో చెబుతారు. చాలామందికి చదవడం, రాయడం రాదు. అమ్మమ్మ ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడాలన్నది వాళ్ల ఆశ. వాళ్ల పక్కన తెలుగు ఎప్పుడూ వినని పిల్లలు కూర్చుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒకటి చూడండి. మీరు బోర్డు మీద 'వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు' అని రాస్తారు. తర్వాత 'రాలేదు' అని రాస్తారు. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్లు రాలేదు. ఒక కుర్రాడు చెయ్యెత్తి, "వచ్చినప్పుడు మనిషిని బట్టి క్రియ మారింది, రానప్పుడు ఎందుకు మారలేదు?" అంటాడు. ఇంకో అమ్మాయి 'రాను, రావు, రాడు, రారు' పేజీ తీసి, "మరి ఇక్కడ మారిందే?" అంటుంది. పుట్టినప్పటి నుంచీ ఈ మాటలు వాడుతున్నా మనకి ఆ సందేహం రాదు. గుంటూరులో పుట్టినవాళ్లకీ రాదు. "అదంతే" అంటే క్లాసు అక్కడితో చల్లబడిపోతుంది. "రేపు చెబుతాను" అంటే ఆ రాత్రి మీరు కూర్చుని మీ భాషని మొదటిసారి బయటి నుంచి చూస్తారు. ఆ కార్యక్రమం మీకిచ్చే అసలు చదువు అక్కడుందని నా నమ్మకం.

ఈ పనిలో మీరు ఇప్పటికే ఒక అడుగు ముందున్నారు. ఒకటో తరగతిలో అర్థం కాని భాషలో కూర్చున్నారు. ఒడియాలో 'సే' అంటే అతనైనా ఆమైనా ఒకటే, క్రియలోనూ తేడా ఉండదు. తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' వేరు. ఈ తేడా పుస్తకం చదివి కాదు, ఆరేళ్ల వయసులో తడబడి నేర్చుకున్నారు. ఒక్క భాషలోనే పెరిగిన టీచరుకి, నేర్చుకునేవాడు ఎక్కడ ఆగిపోతాడో అంత త్వరగా పట్టుబడదు.

మీ ఊరిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడికి బడిపంతులుగా వచ్చారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష పట్టుబట్టి నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో వాళ్లకి బళ్లు పెట్టారు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో ఉన్న తెలుగుకీ జనం మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు వారిని వదల్లేదు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటానికి అదొక మొదలు. ఇవాళ మీరూ నేనూ ఇలా రాసుకోగలుగుతున్నామంటే, తెలుగు నేర్చుకోవాలని వచ్చిన ఒక బయటివాడు అడిగిన ప్రశ్నకీ, దాన్ని పట్టించుకున్న పర్లాకిమిడి పంతులు గారికీ అందులో వాటా ఉంది. సరిహద్దు జిల్లా మనిషినని, యాస ఉందని మీరు తలొంచుకోవాల్సింది ఏమీ లేదు.

ఒత్తుల సంగతి మాత్రం నిజమైన లోపమే. బోర్డు మీద తప్పు రాస్తే ముప్పై మంది అదే నేర్చుకుంటారు. ఆగస్టు దాకా టైముంది. రోజుకో పేజీ చేత్తో రాసి తెలుగు బాగా వచ్చినవాళ్లతో దిద్దించుకోండి. తెలుగు మాతృభాష కానివాళ్ల కోసం రాసిన వ్యాకరణం ఒకటి సంపాదించి చదవండి. క్లాసులో పాఠ్యపుస్తకం భాషే చెప్పండి, దాంతోపాటు "మా వైపు ఇలా అంటాం" అని మీ మాటా చెప్పండి. పిల్లలు దాన్ని కుతూహలంగా వింటారు, ఎవరూ నవ్వరు.

ఇక వెళ్తే ఆ తొమ్మిది నెలలు ఎలా ఉంటాయో తెలుసుకుని నిర్ణయించుకోండి. వారానికి 20 గంటల వరకు పని ఉండొచ్చు: పాఠం చెప్పడం, లేదా ప్రొఫెసరు చెప్పే పాఠానికి సాయపడటం, మాట్లాడే అభ్యాసం చేయించడం, సంక్రాంతి, ఉగాది లాంటివి జరిపించడం. ప్రతి సెమిస్టరులో కనీసం రెండు కోర్సులు చదవాలి, వాటిలో ఒకటి అమెరికా చరిత్ర, సమాజానికి సంబంధించినది. డిసెంబరులో దేశదేశాల నుంచి వచ్చిన మీలాంటి టీచర్లందరికీ వాషింగ్టన్‌లో సమావేశం ఉంటుంది. విమానం టికెట్లు, నెలనెలా ఖర్చులకి డబ్బు, ఆరోగ్య బీమా వాళ్లే చూస్తారు. ఆ డబ్బు ఒక మనిషి బతకడానికే సరిపోతుంది. ఇంటికి పంపొచ్చని లెక్క వేసుకోవద్దు. ప్రిన్సిపాల్ గారు అన్నదీ నిజమే, దీనికి డిగ్రీ రాదు. జీతం పెరుగుతుందని, పర్మినెంటు అవుతానని అనుకుంటే ఈ ప్రయాణం మిమ్మల్ని నిరాశపరుస్తుంది.

ఇచ్చేది వేరే ఉంది. పొద్దున టీచరు, మధ్యాహ్నం స్టూడెంటు. మీ కాలేజీలో ఎనభై మంది ముందు నిలబడి నోట్సు చెబితే వాళ్లు రాసుకుంటారని మీరే రాశారు. అక్కడ మీరు విద్యార్థిగా కూర్చునే క్లాసులో పాఠం ముందే చదివి రావాలి, నోరు విప్పి మాట్లాడాలి, ప్రొఫెసరుతో ఒప్పుకోకపోతే ఒప్పుకోనని చెప్పాలి. మొదటి నెల మీకు నోరు పెగలదు. చెప్పాల్సిన వాక్యం మనసులో తయారు చేసుకునేలోపు చర్చ ఇంకో చోటికి వెళ్లిపోతుంది. అప్పుడు మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చునే సవర పిల్లాడు గుర్తొస్తాడు. వాడికి ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో. వాడు మూడేళ్లలో ఒక్కసారీ ఎందుకు చెయ్యెత్తలేదో మీకు ఒంటికి పట్టేలా తెలుస్తుంది. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పగలిగేది కాదు.

కష్టం కూడా చెప్పాలి. ఉత్తరాది రాష్ట్రం పడితే నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. డిసెంబరు సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. తూర్పు తీరంలో అయితే చలికాలంలో మీకు రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ అమ్మకి మర్నాడు ఉదయం ఏడున్నర, ఆవిడ పొయ్యి దగ్గర ఉండే వేళ. దిగులుగా ఉంటే దాచుకోకుండా అక్కడి సూపర్‌వైజరుకి చెప్పండి. అలా చెప్పడాన్ని అక్కడ తప్పుగా చూడరు. కౌన్సెలింగు సాయం చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది.

పెళ్లి విషయానికొద్దాం. పెళ్లివారి భయం తిరిగి రారేమోనని. దానికి జవాబు మీ చేతిలోనే ఉంది, మీరు వాళ్లకి చెప్పినట్టు లేదు. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవాళ్లకి జె-1 వీసా ఇస్తారు. దానికి రెండేళ్ల నిబంధన ఉంటుంది: కార్యక్రమం అయ్యాక మన దేశం తిరిగొచ్చి మొత్తం రెండేళ్లు ఇక్కడ ఉంటే తప్ప హెచ్-1బి ఉద్యోగ వీసాకి గానీ గ్రీన్‌కార్డుకి గానీ వీలుండదు. అక్కడే సెటిలైపోతుందన్న అనుమానానికి ఇంతకంటే గట్టి సమాధానం ఉండదు. అలాగే, మీ బంధువుల్లో ఎవరైనా "వెళ్తే మనవాళ్లందరికీ దారి పడుతుంది" అని ఆశపడుతుంటే వాళ్లకీ ఈ మాట ఇప్పుడే చెప్పేయండి.

అబ్బాయి అన్న "పెద్దవాళ్లు ఎలా అంటే అలా" అన్నది ఒప్పుకోలూ కాదు, కాదనడమూ కాదు. అతనితో మీరు ఒంటరిగా ఈ విషయం మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పాతపట్నంలోనో టెక్కలిలోనో, ఇంట్లో చెప్పే వెళ్లి, గంటసేపు మాట్లాడండి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి, అతనికేమనిపిస్తోందో అడగండి. జీవితమంతా కలిసి ఉండాల్సిన మనిషి ఈ ఒక్క విషయంలో సొంతంగా ఏమనుకుంటాడో ఇప్పుడు తెలుసుకోవడమే మేలు.

ఆ తర్వాత మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ముహూర్తం ముందుకు జరిపి వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో పెళ్లి చేసుకుని ఆగస్టులో వెళ్లడం. మామయ్య మాట నిలబడుతుంది, రెండు ఇళ్లూ కుదుటపడతాయి. కానీ గ్రాంటు ఒక్కరికే, మీరు ఒంటరిగానే వెళ్లాలి. కొత్త కోడలు మొదటి శ్రావణం నోముకి, మొదటి సంక్రాంతికి ఇంట్లో ఉండదు. ఇది అత్తగారికి పెళ్లికి ముందే, మామయ్య సమక్షంలో, నోరారా చెప్పి ఒప్పించాలి. లేకపోతే పెళ్లయ్యాక "ఇప్పుడెందుకులే అమ్మాయ్" అనడం తేలిక, మీరు కాదనడం కష్టం. నిజం చెప్పాలంటే ఈ దారిలో నన్ను భయపెట్టేది ఇదొక్కటే. ఇటు వెళ్లేట్టయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించే పని ఇప్పుడు పెట్టుకోకండి. వీసా కాగితాలన్నీ ఒకే పేరు మీద నడవాలి.

రెండోది, మేలో తిరిగొచ్చాక పెళ్లి. మీకు మనసు స్థిమితంగా ఉంటుంది. అయితే పెళ్లివారు ఆగకపోవచ్చు, సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోతే కొన్నాళ్లు ఊళ్లో మాటలు పడాలి, మామయ్యకి మాట పోయినట్టు ఉంటుంది, మీకూ బాధగానే ఉంటుంది. తొమ్మిది నెలలు ఆగలేని సంబంధం మంచిది కాదని చాలామంది అనేస్తారు. నేను అంత తేలిగ్గా అనలేను, వాళ్ల భయాలు వాళ్లవి. కానీ ఆ నష్టం తట్టుకోగలరా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

మామయ్య దగ్గరికి వాదనతో వెళ్లకండి. కాగితంతో వెళ్లండి. ఖర్చు ఎవరు పెడతారు, ఏ తేదీకి వెళ్తారు, ఎప్పుడు వస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇక్కడి నుంచి ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఆయన చేతికివ్వండి. ఫుల్‌బ్రైట్‌కి మన దేశంతో ఒప్పందం 1950లోనే జరిగిందనీ, ఏదో ఏజెంటు వ్యవహారం కాదనీ చెప్పండి. మన వైపు నుంచి ఎవరు వెళ్లారన్నారు కదా, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1913లోనే చదువుకి డబ్లిన్ వెళ్లి తిరిగొచ్చారు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మిమ్మల్ని ఎం.ఏ. దాకా చదివించిన మనిషి చదువుకి శత్రువు అయ్యుండరు. అక్క కూతుర్ని తండ్రి లేని పిల్ల అని కాపాడుకోవాలనుకుంటున్నారు, అంతే. ఆయన చేసినదాన్ని తలుచుకుని దణ్ణం పెట్టండి, ఈ నిర్ణయం మాత్రం నాది అని మెల్లగా చెప్పండి. అందులో విశ్వాసం లేకపోవడం ఏముంది?

అమ్మగారిని మామయ్య ముందు ఏ పక్షమో చెప్పమని నిలబెట్టకండి. దేవుడి గూట్లో ఆ కాగితం పెట్టుకున్న మనిషికి ఏం కావాలో మీకు తెలుస్తూనే ఉంది. అయినా ఒకసారి, ఇద్దరే ఉన్నప్పుడు, నోటితో అడగండి. ఆవిడ ఒంటరితనం గురించి, రాత్రిళ్లు తోడు ఎవరుంటారన్న దాని గురించి తమ్ముడితో కూడా మాట్లాడి ఏర్పాటు చేయండి.

వెళ్లకూడదనుకున్నా అది గౌరవంగా తీసుకోదగ్గ నిర్ణయమే. అయితే ఈ కార్యక్రమానికి 29 ఏళ్ల వయోపరిమితి ఉంది. వద్దంటే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాలి, మళ్లీ వస్తుందన్న హామీ లేదు. భాష నేర్పే పని మీద ఇష్టం నిజమైతే ఇక్కడా దారులున్నాయి. హైదరాబాద్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లు అక్కడి విద్యార్థులకి తెలుగు చెప్పిస్తారు. మైసూరులో కేంద్ర భారతీయ భాషా సంస్థ ఉంది. ఏ కారణంతో మానుకున్నా సరే, "నా తెలుగు చాలదు" అన్న కారణంతో మాత్రం మానుకోవద్దు. అది మీ బంధువులు నవ్విన నవ్వు, దాని మీద ఇంత పెద్ద నిర్ణయం ఆనించకండి.

వెళ్లి వచ్చినవాళ్లకి ఇంకో కష్టం ఉంటుంది, ఎవరూ ముందు చెప్పరు. పది రోజులు అందరూ చాక్లెట్లు, ఫొటోలు అడుగుతారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. ఎనభై మంది క్లాసులో జట్లుగా మాట్లాడిస్తే పక్క గది లెక్చరర్ గోలగా ఉందంటారు. అన్నీ ఒకేసారి మార్చాలని చూడకండి. వారానికి ఒక్క పీరియడులో పది నిమిషాలు, పిల్లలు ఒడియాలోనో తెలుగులోనో సవరలోనో ముందు మాట్లాడుకుని తర్వాత ఇంగ్లీషులో చెప్పేలా చేయండి. అది నిలదొక్కుకున్నాక రెండోది చూడొచ్చు.

కాలేజీ విషయం నోటిమాట మీద వదలకండి. జీతం లేని సెలవు కావాలని ఈ వారమే రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. సెలవు ఇవ్వలేమంటే అది కూడా రాసివ్వమనండి. మూడేళ్ల అనుభవ ధ్రువపత్రం ఇప్పుడే అడిగి తీసుకోండి, ఉన్నా వెళ్లినా అది పనికొస్తుంది. ఫుల్‌బ్రైట్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి ఏ యూనివర్సిటీ, క్లాసు మీరే చెప్పాలా సాయపడాలా, సెలవుల్లో బస ఎక్కడ, ఈ మూడూ అడగండి. వాళ్ల జవాబు చేతికొచ్చాకే మామయ్య దగ్గరికి వెళ్లండి.